చెరువు అడుగున దాగిన విషము

(మణికొండయందు సమావేశమైన గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున మనము కూడుకొన్న ఈ మణికొండ 2018వ సంవత్సరము వరకు మీ గ్రామములవలెనే ఒక గ్రామ పంచాయతీ. ఆ సంవత్సరముననే పుప్పాలగూడ, నెక్నాంపూర్ గ్రామములతో కలిసి పురపాలక సంఘముగా మారినది. జొన్నచేలు, సీతాఫలపు పొదలు, బండరాళ్ల గుట్టలు ఉన్న చోట నేడు అద్దాల మేడలు లేచినవి. ఐనను భూమి వాలు మాత్రము మారలేదు. వాన కురిసినప్పుడు నీరు నేటికిని తాతలనాటి పల్లమునే వెదకుకొనుచు, చెరువు నుండి చెరువునకు దిగుచు, మూసీ వైపునకే పోవుచున్నది. మనుష్యులు మరచిన దారిని నీరు మరువదు.

నేడు మేము మీతో చెప్పదలచిన విషయము ఆ నీటి దారికి సంబంధించినదే. చెరువు గట్టున, వాగు ఒడ్డున ఒకప్పుడు నడచి, ఇప్పుడు మూతపడిన పాత కర్మాగారముల స్థలములు మన రాష్ట్రమున అనేకము కలవు. గేటుకు తాళము పడినది. పొగగొట్టము చల్లారినది. పనివారు వేరొక చోటికి పోయిరి. అంతటితో కథ ముగిసినదని మనము భావింతుము. కాని కర్మాగారము మూతపడినంతనే విషము మూతపడదు. అది మట్టిలో ఇంకి, చెరువు అడుగున పూడికతో కలిసి, ప్రతి వర్షాకాలమునకు కొంచెము కొంచెముగా కదలుచునే యుండును. దానిని కనుగొనుట యెట్లు? శుభ్రపరచుట యెట్లు? అందు పంచాయతీ సభ్యులు చేయదగినదేమి? ఈ మూడు ప్రశ్నలకు మాకు తెలిసినంత వరకు సమాధానము చెప్పుదుము.

నీటి ఒడ్డున పరిశ్రమ ఏల?

పరిశ్రమలు నీటి ఒడ్డున వెలయుటకు కారణము లేకపోలేదు. రంగుల అద్దకమునకు నీరు కావలెను. తోళ్ల శుద్ధికి నీరు కావలెను. మందుల తయారీకి, లోహములకు పూత పెట్టుటకు నీరు కావలెను. వాడిన నీటిని వదలుటకు పల్లము కావలెను. ఈ రెండును చెరువు దగ్గర సులభముగా లభించును. కావుననే చాలచోట్ల చెరువు శిఖమును ఆనుకొని షెడ్లు లేచినవి.

మన తెలంగాణమున చెరువులు ఒంటరిగా ఉండవు. పై చెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు క్రింది చెరువునకు చేరును. అది నిండినచో మరియొక దానికి చేరును. దీనినే గొలుసుకట్టు అందురు. ఒక్క చుక్కయు వృథా కాకుండ పెద్దలు చేసిన ఏర్పాటు ఇది. ఐతే పై చెరువులో విషము కలిసినచో, ఆ గొలుసే విషమునకు రహదారి యగును. ఒక గ్రామము చేసిన తప్పును పది గ్రామములు త్రాగవలసి వచ్చును. కావున ఇది ఏ ఒక్క పంచాయతీ వ్యవహారమో కాదు.

పటాన్‌చెరు చెప్పు పాఠము

దూరపు దృష్టాంతము లెందులకు? మణికొండకు వాయవ్యముగా ఉన్న పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములను చూడుడు. 1970వ దశాబ్దములో అచ్చట పారిశ్రామికవాడలు ఆరంభమైనవి. మందులు, రసాయనములు, లోహపు సామగ్రి చేయు కర్మాగారములు వచ్చినవి. వేలమందికి పని దొరికినది. అది మేలే. కాని వాటి మలిన జలము ఇసుకవాగులోను, నక్కవాగులోను పడి, మంజీరా నది వైపునకు సాగినది. ఆ వాగుల వెంబడి వరి పండించుకొనుచున్న రైతుల పొలములు చెడినవి, పశువులు నష్టమైనవి, బావులనీరు వాడుటకు వీలు కానిదైనది.

1990లో ఈ వ్యవహారము సుప్రీంకోర్టు ముందుకు పోయినది. 1994లో పటాన్‌చెరువునందు అనేక కర్మాగారముల మురుగును ఒకచోట శుద్ధి చేయు ఉమ్మడి కేంద్రము ఏర్పడినది. 2001లో వ్యాజ్యము హైకోర్టునకు, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునలునకు బదిలీయైనది. 2017లో ట్రిబ్యునలు తీర్పు చెప్పినది. లెక్క చూచుకొనుడు: ఇరువది యేడు సంవత్సరములు! వ్యాజ్యము వేసిననాడు పుట్టిన బిడ్డ, తీర్పు వచ్చుసరికి తానే బిడ్డల తల్లియైనది.

శుద్ధికేంద్రము ఏర్పడినంతమాత్రమున చిక్కు తీరలేదు. 2007లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు ఆ కేంద్రము నుండి శుద్ధియై వెలువడు నీటిని పరీక్షించిరి. సిప్రోఫ్లాక్సాసిన్ అను సూక్ష్మజీవి నాశకమగు ఔషధము లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు అందున్నదని వారు ప్రకటించిరి. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో ఉండు మోతాదుకన్న ఇది ఎక్కువ. 2009లో ప్రకటితమైన మరియొక పరిశీలనలో ఆ ప్రాంతపు చెరువులయందును, గ్రామముల బావులయందును ఔషధముల జాడలు కానవచ్చినవి. దీనివలన హాని యేమని మీరు అడుగవచ్చును. వాగులోని సూక్ష్మక్రిములు ఆ మందునకు అలవాటుపడి, దానికి లొంగకుండ పోవును. అట్టి క్రిమి మనిషిని పట్టినచో వైద్యుని చేతిలోని మందు పనిచేయదు. 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమున 88 పారిశ్రామిక ప్రాంతములను పరిశీలించి, అందు 43 తీవ్రముగా కలుషితమైనవని నిర్ణయించినది. పటాన్‌చెరు, బొల్లారము ఆ పట్టికలో చేరినవి.

ఈ చరిత్రయందు పంచాయతీలు గ్రహింపదగిన దొకటి కలదు. ఇట్టి విచారణలలో న్యాయస్థానము అడుగు ప్రశ్నలు చాల సాధారణమైనవి. ఏ సర్వే నంబరు? ఎన్ని ఎకరములు? ఏ పంట? ఏ సంవత్సరము నుండి చెడినది? ఎన్ని పశువులు చచ్చినవి? ఎవరు చూచిరి? ఈ ప్రశ్నలకు జవాబు వ్రాసియుంచవలసినది ఢిల్లీలో కాదు, మీ పంచాయతీ కార్యాలయములో.

కాటేదాన్ మట్టి పరీక్ష

ఇక రెండవ దృష్టాంతము మరింత దగ్గరిది. రాజేంద్రనగరమునకు ఆవల కాటేదాన్ పారిశ్రామికవాడ గలదు. దాని చెంత నూర్ మహమ్మద్ కుంట కలదు. రంగుల అద్దకము, వంటనూనెలు, బ్యాటరీలు, లోహములకు పూత మొదలగు పనులు చేయు కర్మాగారములు సుమారు మూడువందలు అచ్చట ఉండెను. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు నార్వే దేశపు నిపుణులతో కలిసి 2002, 2003 సంవత్సరములలో అచ్చటి మట్టిని పరీక్షించిరి. వర్షములకు ముందొకసారి, వర్షముల తరువాత ఒకసారి నమూనాలు తీసిరి. ఫలితములను 2008లో ప్రకటించిరి. సీసము, క్రోమియము, నికెలు, తుత్తునాగము, ఆర్సెనికు, కాడ్మియము అను లోహములు పారిశ్రామికవాడ యంతటను చాల ఎక్కువగా ఉన్నట్లు తేలినది. వీటిలో ఆర్సెనికు, కాడ్మియము, సీసము సులభముగా కదలుననియు, అవి భూగర్భజలమును చేరవచ్చుననియు వారు హెచ్చరించిరి.

ఆ పరిశీలనలో మరియొక న్యాయమైన మాట కలదు. ఆ ప్రాంతపు రాతిలోనే ఆర్సెనికు, క్రోమియము సహజముగా కొంత కలవు. అదంతయు పరిశ్రమలపై మోపరాదని వారు విడదీసి చెప్పిరి. విచారణ అనగా ఇట్లుండవలెను. కోపముతో చేయునది నింద. కొలతతో చేయునది విచారణ.

విచారణ క్రమము

శాస్త్రజ్ఞులు పాత స్థలమును విచారించునప్పుడు మూడు విషయములను వెదకుదురు. విషమునకు మూలమేది? అది సాగు మార్గమేది? చివరకు అది చేరునది ఎవరిని? ఈ మూటిలో ఒకటి తెగినచో ప్రమాదము తగ్గును. మూలమును తొలగింపవచ్చును, మార్గమును మూయవచ్చును, మనుష్యులను, పశువులను దానికి దూరముగా ఉంచవచ్చును.

మొదటి పని తవ్వుట కాదు, అడుగుట. కర్మాగారములో ఏమి తయారయ్యెడిది? ఆమ్లపు పీపాలు ఎచ్చట దింపెడివారు? బూడిద ఎచ్చట పోసిరి? గొట్టము ఏ మూల నుండి చెరువులో పడెడిది? గ్రామపటము, పహాణీ, లైసెన్సు కాగితములు తీసి చూడవలెను. వృద్ధులను, అచ్చట పనిచేసిన కూలీలను, చాకలివారిని, బెస్తవారిని, నీరటిని పిలిచి అడుగవలెను. మేము చూచిన ఒక గ్రామమున అధికారులు పటములు పరచుకొని రెండు దినములు తిరిగిరి. మురుగుగుంత జాడ దొరకలేదు. చివరకు ఒక ముసలి నీరటి వచ్చి, “అయ్యా, ఈ తుమ్మచెట్టు దగ్గర మా బఱ్ఱెలు నీళ్లకు మూతి పెట్టవు, ఇరువది ఏండ్లాయె” అని చూపించెను. అచ్చట త్రవ్వగా నాలుగడుగుల లోతున నల్లని బురద బయటపడినది. ఆ ముసలివానిని మొదటనే అడిగియుండిన రెండు దినములు మిగిలెడివి.

రెండవ పని కాలినడకన స్థలమును చూచుట. గడ్డి మొలవని నేల, నీటిపై నురుగు, గట్టున తెల్లని లేక పసుపుపచ్చని పొర, చచ్చి తేలిన చేపలు, ఘాటైన వాసన, ఇవి గుర్తులు. చూడుడు గాని ముట్టకుడు. తుప్పుపట్టిన పీపాను కఱ్ఱతో పొడిచి చూచుట, తెలియని పొడిని వాసన చూచుట ప్రాణాపాయము. పిల్లలను వెంట తీసికొనిపోరాదు.

అయితే గుర్తులు లేనంతమాత్రమున నీరు మంచిదని తలపరాదు. సీసమునకు గాని, ఆర్సెనికునకు గాని రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అద్దమువలె తేటగా నున్న బోరునీరు సైతము విషము కావచ్చును. కాచి త్రాగినచో పోవునని కొందరు భావింతురు. కాచుటవలన క్రిములు చచ్చును గాని లోహములు పోవు. నీరు ఆవిరియై తగ్గిన కొలది అవి మరింత చిక్కబడును. ఈ ఒక్క సంగతి ప్రతి యింటికిని తెలుపవలసియున్నది.

మూడవ పని నమూనాలు తీయుట. ఇది శిక్షణ పొందినవారు చేయవలసినది. కాని అది సరిగా జరుగుచున్నదో లేదో కనిపెట్టుట పంచాయతీ సభ్యుల హక్కు. నీటిని చెరువులోనికి కాలువ పడు చోటను, చెరువు నడుమను, తూము వద్దను తీయవలెను. ఊరికి పై వాలులోని బావిని, క్రింది వాలులోని బావిని రెండింటిని పరీక్షింపవలెను. పరిశ్రమ సోకని ఎగువ భూమి నుండి కూడ కొంత మట్టిని తీయవలెను. అట్లు చేయనిదే సహజమైనదెంత, మనుష్యుడు చేర్చినదెంత అనునది తేలదు. సీసాలు శుభ్రమైనవై యుండవలెను. వాటిపై స్థలము, తేదీ, వేళ వ్రాయవలెను. సాక్షుల సంతకములతో పంచనామా కావలెను. నమూనాలు తీయుట వర్షములకు ముందును వెనుకను జరుగవలెను.

చెరువు పూడికను పైపైన కాక, గొట్టము దింపి లోతుగా తీయవలెను. పూడిక ఒక జమాఖర్చుల పుస్తకము వంటిది. ఏటేట ఒక్కొక్క పొర పడును. పై పొర నిన్నటిది; అడుగు పొర తాతలనాటిది. ఏ పొరలో లోహములు హెచ్చినవో చూచినచో ఏ కాలమున విషము వచ్చి చేరినదో తెలియును. కర్మాగారపు యజమాని లెక్కలు దాచవచ్చును గాని, చెరువు దాచదు.

నాలుగవ పని ఫలితములను చదువుట. భారత ప్రమాణముల సంస్థ త్రాగునీటికి హద్దులు నిర్ణయించినది. లీటరునకు సీసము 0.01 మిల్లీగ్రాము, ఆర్సెనికు 0.01, కాడ్మియము 0.003, పాదరసము 0.001, క్రోమియము 0.05, నైట్రేటు 45 మిల్లీగ్రాములకు మించరాదు. కరిగియున్న లవణములు 500 మిల్లీగ్రాములలోపు ఉండుట మేలు. వేరు నీరు దొరకని చోట 2,000 వరకు ఒప్పుకొనవచ్చును. ఈ అంకెలను పంచాయతీ కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుడు. ప్రయోగశాల కాగితము వచ్చినప్పుడు చదువుకొన్న ఏ పడుచువాడైనను రెండింటిని పోల్చి చూచి చెప్పగలడు.

శుభ్రపరచు విధములు

విషము ఉన్నదని తేలిన పిమ్మట తొందరపడి పారలు పట్టుకొనరాదు. మొట్టమొదట గ్రామమునకు వేరొక చోటి మంచినీరు ఏర్పాటు కావలెను. చెడిన బోర్లకు ఎఱ్ఱరంగు పూసి మూయవలెను. స్థలము చుట్టును కంచె వేసి, హెచ్చరిక పలక పెట్టవలెను. ఇంకను మురుగు వచ్చి పడుచున్నచో దానిని ఆపవలెను. పై నుండి పోయుచుండగా క్రింద కడుగుట వ్యర్థము.

హుస్సేన్ సాగరమును 1562లో నిర్మించిరి. కూకట్‌పల్లి నాలా ద్వారా పరిశ్రమల మురుగు అందులో చేరి, ఏండ్ల తరబడి అడుగున పేరుకొన్నది. 2006లో జపాను ఋణసహాయముతో దానిని బాగుచేయు పథకమును చేపట్టినప్పుడు, నాలాల మురుగును సాగరములో పడకుండ అడ్డగించి మళ్లించుటయే ముఖ్యమైన పనులలో ఒకటిగా నుండినది. పట్టణమునకైనను పల్లెకైనను క్రమము ఇదియే.

తరువాత స్థలమును బట్టి ఉపాయము. ఒకటి, విషపు మట్టిని, పూడికను తీసి, ప్రమాదకర వ్యర్థములకై ప్రత్యేకముగా కట్టిన కేంద్రమునకు పంపుట. మనకు అట్టి కేంద్రము దుండిగల్ వద్ద కలదు. రెండు, తీయుటకు వీలుకాని దానిని దట్టమైన బంకమట్టితోను, నీరు దూరని పొరలతోను కప్పివేయుట. మూడు, చెడిన భూగర్భజలమును పైకి తోడి శుద్ధి చేయుట. నాలుగు, మొక్కల సహాయము.

మొక్కల మాట వచ్చినది గనుక నెక్నాంపూర్ చెరువును చెప్పుకొనవలెను. అది మణికొండకు ప్రక్కనే యున్నది. 2018 ఫిబ్రవరి 2వ తేదీన, ప్రపంచ తడినేలల దినమున, సుమారు 3,000 చదరపుటడుగుల తెప్పతోటను అచ్చటి నీటిపై తేల్చిరి. వట్టివేరు, మెట్టతామర, జమ్ము మొదలైన మొక్కలు 3,500 వరకు అందు నాటిరి. వాటి వేళ్లు నీటిలో వ్రేలాడుచు మురుగులోని నత్రజని, భాస్వరములను ఆహారముగా గ్రహించును. ఆ వేళ్లను ఆశ్రయించిన సూక్ష్మజీవులు మలినమును జీర్ణింపజేయును. ప్రజలు పూనుకొన్నచో ఏమి చేయగలరో అది చూపినది. కాని యిళ్ల మురుగు వేరు, అడుగున పేరుకొన్న లోహము వేరు. నీటిపై తేలు తోట అడుగునున్న సీసమును పెరికివేయజాలదు. లోహములను పీల్చిన మొక్కలను పశువులకు మేపినచో విషము పాలలోనికి రావచ్చును. వాటిని కోసి జాగ్రత్తగా వేరుచేయవలెను.

ఇక రైతు సోదరులకు ముఖ్యమైన హెచ్చరిక యొకటి. చెరువు పూడిక పొలమునకు బలమని మనకు తెలియును. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమమున రైతులు బండ్లతోను, ట్రాక్టర్లతోను పూడికను తోలుకొనిపోయి చేలలో చల్లుకొన్నారు. మంచి చెరువు విషయమున అది బంగారమే. కాని పరిశ్రమ మురుగు సోకిన చెరువు పూడికను పరీక్షింపక తోలినచో, ఒక చోట ఉన్న విషమును నూరు చేలకు మన చేతులతోనే పంచినట్లగును. ఒక్కసారి పొలములో కలిసిన లోహమును వేరుచేయుట మిక్కిలి కష్టము. కావున అట్టి చెరువులో పరీక్షా ఫలితము వచ్చువరకు ఒక్క తట్ట మట్టియు కట్ట దాటరాదని తీర్మానము చేయుడు. కొందరు కోపింతురు. కోపించినను సరియే.

ఈ పని యెంత వ్యయప్రయాసలతో కూడినదో జపాను దేశపు మినమాటా చరిత్ర తెలుపును. అచ్చట ఒక రసాయన కర్మాగారము సముద్రపు ఒడ్డున పాదరసముతో కూడిన మురుగును వదలినది. పాదరసము చేపలలోనికి, చేపల నుండి మనుష్యులలోనికి చేరినది. 1956లో ఆ వ్యాధి బయటపడినది. అవయవములు స్వాధీనము తప్పి, చూపు సన్నగిల్లి, ఎందరో బాధపడిరి, ఎందరో మరణించిరి. 1977 మొదలు 1990 వరకు సముద్రపు అడుగునున్న బురదను తోడి, ఒడ్డున 58 హెక్టార్ల మేర కప్పివేసిరి. చేపలు బయటికి పోకుండ అఖాతమునకు కట్టిన వలను 1997లో గాని తీయలేదు. వదలుటకు పట్టినది ఒక గొట్టము. కడుగుటకు పట్టినది ఒక తరము.

చట్టము ఏమనుచున్నది?

చట్టము నేడు గ్రామమునకు అండగానే యున్నది. జలకాలుష్య నివారణ చట్టము 1974లోను, పర్యావరణ పరిరక్షణ చట్టము 1986లోను, జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టము 2010లోను వచ్చినవి. చెరచినవాడే బాగుచేయు ఖర్చును భరించవలెనను సూత్రమును సుప్రీంకోర్టు 1996లో స్థిరపరచినది. మన హిమాయత్ సాగర్ సమీపమున, శంషాబాదు మండలములోని పెద్దషాపూర్ గ్రామమున ఒక నూనె పరిశ్రమ విషయమున 1999లో వచ్చిన తీర్పులో, హాని లేదని నిరూపించు భారము పరిశ్రమను పెట్టదలచినవానిదే గాని ప్రజలది కాదని చెప్పినది. ఆ జలాశయముల చుట్టును 10 కిలోమీటర్ల మేర 1996లో విధించిన ఆంక్షలను తొలగించుచు 2022లో వేరొక ఉత్తరువు వెలువడినది. ఐనను న్యాయస్థానము చెప్పిన ఆ సూత్రము అట్లే నిలిచియున్నది.

2025 జూలై మాసమున కేంద్ర ప్రభుత్వము కలుషిత స్థలముల కొరకే ప్రత్యేక నియమావళిని ప్రకటించినది. దాని ప్రకారము స్థానిక సంస్థగాని, జిల్లా యంత్రాంగముగాని, తమంతట తామైనను, ప్రజల ఫిర్యాదుపైనైనను, అనుమానించదగిన స్థలములను గుర్తించి ఆరు నెలల కొకసారి తెలుపవలెను. అటుపిమ్మట 90 దినములలో ప్రాథమిక పరిశీలన, తరువాత మూడు నెలలలో సవిస్తర పరిశీలన జరుగవలెను. స్థలము కలుషితమని తేలినచో దానిని బహిరంగముగా ప్రకటించి, రాకపోకలను అరికట్టవలెను. బాధ్యుడెవరో తేల్చి అతనిచేత ఖర్చు పెట్టింపవలెను. స్థానిక సంస్థ అని అందులో ఉన్న మాటకు అర్థము మీరే. మీరు తెలుపనిచో గడియారము తిరుగుట ఆరంభము కాదు.

పనియా, ప్రాణమా?

పరిశ్రమలు వలదని మేము చెప్పుటలేదు. పరిశ్రమవలన కూలి దొరకును, పిల్లల చదువు సాగును. “కర్మాగారము మీద కాగితము పెట్టినచో మా పనులు పోవును” అని మీ వార్డులోని వారే మిమ్ము నిలదీయవచ్చును. వారి భయము సహజమైనది. కాని మురుగును మొదట త్రాగువాడు కర్మాగారపు గోడప్రక్క గుడిసెలో నున్న ఆ కూలివాడే. అతని బిడ్డయే ఆ మట్టిలో ఆడుకొనును. చేతికంటిన మట్టి నోటికి పోయి, సీసము పసివాని మెదడును దెబ్బతీయును. మురుగును శుద్ధి చేసి నడచు పరిశ్రమ గ్రామమునకు మిత్రము. అట్లు నడువలేనిది ఇచ్చిన కూలికన్న ఎక్కువ వైద్యునికి పెట్టించును.

మరియొక ప్రలోభము ఈ ప్రాంతమున మిక్కిలి బలమైనది. నగరము పెరుగుచున్నది. గజము భూమికి వచ్చు ధర వినినచో గుండె ఆగును. చెరువు ఒడ్డున మూతపడిన కర్మాగారపు స్థలమును చదునుచేసి, ఎఱ్ఱమట్టి పోసి, ప్లాట్లుగా అమ్ముట చాల సులభము. కొనువానికి దాని పూర్వచరిత్ర తెలియదు. అతడు జీవితకాలపు పొదుపును పోసి ఇల్లు కట్టుకొని, పెరటిలో బోరు వేయించుకొనును. అనుమతి కాగితము మీ యొద్దకు వచ్చునప్పుడు “ఈ నేలపై పూర్వము ఏమి ఉండెను? మట్టిని పరీక్షించిరా?” అను ఒక్క ప్రశ్న వేయుడు. ఆ ప్రశ్నకు డబ్బు ఖర్చు కాదు, ధైర్యము మాత్రము ఖర్చగును.

మీరు చేయదగిన పనులు

ముగింపునకు ముందు, మీరు ఇంటికి తీసికొనిపోదగిన మాటలను క్రోడీకరించి చెప్పెదము.

1. గ్రామ పరిధిలో మూతపడిన, నడచుచున్న కర్మాగారముల పట్టికను, అవి ఏ చెరువునకు, ఏ వాగునకు దగ్గరనో చూపు పటమును తయారుచేయుడు.

2. పంటనష్టము, పశునష్టము, చేపల మరణము, నీటి రంగు మారుట, వీటిని తేదీతో వ్రాయుటకు ఒక ప్రత్యేక పుస్తకము పెట్టుడు. సాక్షుల సంతకములు తీసికొనుడు.

3. త్రాగునీటి బావులను, బోర్లను వర్షములకు ముందు, తరువాత పరీక్ష చేయించి, ఫలితమును గ్రామసభలో చదివి వినిపించుడు. దాచకుడు.

4. అనుమానమున్న చెరువు పూడికను పరీక్షలేక కదలనీయకుడు.

5. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరునకు గ్రామసభ తీర్మానమును వ్రాతపూర్వకముగా పంపి, రసీదు భద్రపరచుడు.

6. అదే గొలుసుకట్టులోని ఎగువ, దిగువ పంచాయతీలతో కలిసి పనిచేయుడు. ఒంటరి కంఠముకన్న పది గ్రామముల కంఠము దూరము వినవచ్చును.

7. శుద్ధి జరిగిన పిమ్మట కూడ ఏండ్లతరబడి పరీక్షలు మానకుడు. శంకుస్థాపనకు వచ్చినంతమంది పదేండ్ల తరువాత నీటి పరీక్షకు రారు. రావలసినది మీరే.

సోదరులారా, చెరువు త్రవ్వించినవానిని పుణ్యాత్ముడని మన పెద్దలు పొగడిరి. నేడు క్రొత్త చెరువు త్రవ్వుటకు మనకు చోటు లేదు. ఉన్న చెరువును విషము నుండి విడిపించుటయే మన కాలపు చెరువు త్రవ్వించుట. మీ పదవీకాలము ఐదేండ్లు. చెరువు వయస్సు కొన్ని వందల యేండ్లు. ఈ ఐదేండ్లలో మీరు వ్రాసిన ఒక తీర్మానము, తీయించిన ఒక్క సీసా నీరు, ఆపిన ఒక్క బండి మట్టి, ముందు తరముల వారికి మీరు విడిచిన ఆస్తి యగును. మీరు ఈ రాత్రి గ్రామమునకు పోయినప్పుడు, తెల్లవారి ఒక్కసారి చెరువు కట్టమీద నడచి, నీటిని తేరిపార చూడుడు. తరువాత ఊరిలోని అందరికన్న పెద్దవాని అరుగు మీద కూర్చుండి, “తాతా, ఈ చెరువు పూర్వమెట్లుండెను?” అని అడుగుడు. విచారణ అచ్చట ఆరంభమగును.